పన్నెండు నిమిషాల కోసం ఓవర్‌క్లాక్ చేశాను: ఎయిర్ కూలర్‌తో ప్రాసెసర్ స్పీడ్ ఎంతవరకు పెంచొచ్చు?

ఈ ఎపిసోడ్‌ని చాలా రోజులుగా వాయిదా వేస్తూ వచ్చాను. ఎందుకంటే ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. "అన్నా, నా దగ్గర డెస్క్‌టాప్ ఉంది, వాటర్ కూలింగ్ కొనే బడ్జెట్ లేదు, మామూలు ఫ్యాన్ కూలర్‌తో ఓవర్‌క్లాక్ చేయొచ్చా?" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. చేయొచ్చు. కానీ ఎంతవరకు అనేది మీ ప్రాసెసర్ ఒక్కటే చెప్పదు, మీ ఊరి మే నెల కూడా చెబుతుంది. అదేంటో చూద్దాం.

మీలో చాలామంది ఈ వీడియోని ఫోన్‌లోనే చూస్తుంటారు కాబట్టి ఫోన్ నుంచే మొదలుపెడతాను. ఎండాకాలం మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడితే ఏమవుతుంది? ఫోన్ వెనక కాలుతుంది, పది నిమిషాల్లో గేమ్ లాగ్ అవుతుంది. ఫోన్ పాడైపోలేదు. లోపల ఉన్న చిప్ "నాకు వేడెక్కింది, కొంచెం నెమ్మదిస్తాను" అని తనే స్పీడ్ తగ్గించుకుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. డెస్క్‌టాప్ ప్రాసెసర్ కూడా ఇదే పని చేస్తుంది. ఓవర్‌క్లాకింగ్ అంటే దీనికి ఎదురు ప్రయాణం. కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువ స్పీడ్‌లో చిప్‌ని పరిగెత్తించడం. దానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఎక్కువ వోల్టేజ్ అంటే ఎక్కువ వేడి. మొత్తం కథ ఈ వేడి చుట్టూనే తిరుగుతుంది.

ఇదేం కొత్త విషయం కాదు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అని ఒక చవక ప్రాసెసర్ వచ్చింది. దాని స్పీడ్ 300 మెగాహెర్ట్జ్. బస్ స్పీడ్‌ని 66 నుంచి 100కి మారిస్తే చాలు, చాలా చిప్‌లు 450లో హాయిగా నడిచేవి. అంటే ఒకటిన్నర రెట్లు, ఫ్రీగా! ఆ రోజుల్లో ఓవర్‌క్లాకింగ్ అంటే అంత లాభం ఉండేది. ఆ కథలు విని మనం ఇప్పుడు కూడా అలాగే ఉంటుందనుకుంటాం. ఇప్పుడు అలా లేదు. చిప్‌లో ఉన్న స్పీడ్‌లో చాలా భాగాన్ని కంపెనీలే బూస్ట్ పేరుతో ముందే వాడేస్తున్నాయి. మనకి మిగిలేది అడుగున ఉన్న కాస్త.

సరే, నా కథకి వస్తాను. నేను విజయవాడలో ఉంటాను. ఈ ఛానల్ పెట్టకముందు ఒక ఫోటో స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాణ్ణి. స్టూడియో ఓనర్‌ని బాబాయ్ అని పిలుస్తాను, చుట్టం కాదు, చిన్నప్పటి నుంచి తెలుసు. నా సిస్టమ్ రైజెన్ 5 3600. 6 కోర్లు, 12 థ్రెడ్లు, బేస్ 3.6 గిగాహెర్ట్జ్, బూస్ట్ 4.2 వరకు. 2019 జూలైలో మార్కెట్‌లోకి వచ్చిన చిప్ అది, మన దగ్గర కూడా బాగా అమ్ముడైంది. గ్రాఫిక్స్ కార్డు పాతది, కాబట్టి రెండర్ భారమంతా ప్రాసెసర్ మీదే. ఒక ఫుల్ వీడియో రెండర్ పెడితే దాదాపు మూడు గంటలు పట్టేది.

2022 జనవరి, సంక్రాంతి సెలవులు. బాక్స్‌లో వచ్చిన చిన్న కూలర్ తీసేసి, రెండువేల చిల్లర పెట్టి నాలుగు హీట్ పైపులున్న టవర్ కూలర్ బిగించాను. ఇక ఆగుతామా? బయోస్‌లోకి వెళ్ళి అన్ని కోర్లు 4.3 గిగాహెర్ట్జ్, వోల్టేజ్ 1.4 అని పెట్టేశాను. ఎక్కడో ఎవరో ఆ నంబర్లు చెప్పారు, అంతే. సినీబెంచ్ పది నిమిషాలు నడిపితే 78 డిగ్రీలు. స్కోర్ పెరిగింది. ఆ రాత్రి నేను పెద్ద ఇంజినీర్‌లా ఫీలైపోయాను.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. అప్పుడే వేసుకుని ఉంటే ఈ ఎపిసోడ్ ఉండేది కాదు. అంతకుముందు నా చిప్ ఫుల్ లోడ్‌లో సుమారు 4.0 గిగాహెర్ట్జ్‌లో, 1.25 వోల్టుల దగ్గర నడిచేది. 4.0 నుంచి 4.3 అంటే ఏడున్నర శాతం స్పీడ్. మరి వేడి? స్పీడ్ ఎంత శాతం పెరిగితే వేడి కూడా అంతే పెరుగుతుంది, అది ఓకే. కానీ వోల్టేజ్ పెరిగితే వేడి దాని వర్గంలో పెరుగుతుంది. 1.25 నుంచి 1.4 అంటే 1.12 రెట్లు. 1.12ని 1.12తో గుణిస్తే 1.25. దాన్ని మళ్ళీ స్పీడ్ పెరుగుదల 1.075తో గుణిస్తే 1.35 దాకా వస్తుంది. అంటే ఏడున్నర శాతం స్పీడ్ కోసం ముప్పై ఐదు శాతం ఎక్కువ వేడి! మూడు గంటల రెండర్‌లో నాకు మిగిలిన టైం ఎంతో తెలుసా? పన్నెండు నిమిషాలు. టీ తాగి వచ్చేంత.

ఇప్పుడు ఎయిర్ కూలర్ ఏం చేస్తుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. టవర్ కూలర్‌లో రాగి పైపులు కనిపిస్తాయి కదా, అవి గట్టి రాడ్లు కావు. లోపల ఖాళీ ఉంటుంది, గాలి తీసేసి కొద్దిగా నీళ్ళలాంటి ద్రవం ఉంచి సీల్ చేస్తారు. ప్రాసెసర్ వైపు వేడి తగలగానే ఆ ద్రవం ఆవిరై పైకి వెళ్తుంది. పైన అల్యూమినియం రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ ద్రవంగా మారుతుంది. పైపు లోపలి గోడకి ఉన్న ఒత్తు లాంటి పొర దాన్ని మళ్ళీ కిందికి లాగుతుంది. అన్నం వండేటప్పుడు మూత కింద నీటి చుక్కలు చేరి మళ్ళీ గిన్నెలో పడతాయి చూడండి, అదే పని. రేకుల మధ్య నుంచి ఫ్యాన్ గాలి తోసి ఆ వేడిని బయటికి పంపుతుంది.

ఎక్కడికి పంపుతుంది? మీ గదిలోకి. అసలు పాయింట్ ఇదే. ఎయిర్ కూలర్ ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా ఎప్పటికీ చేయలేదు. గది ఉష్ణోగ్రత మీద ఇన్ని డిగ్రీలు ఎక్కువ అనే లెక్కలోనే పనిచేస్తుంది. నా కేసులో జనవరి రాత్రి గది 24 డిగ్రీలు, ప్రాసెసర్ 78. అంటే గది మీద 54 ఎక్కువ. ఆ 54 అనేది అదే వోల్టేజ్, అదే లోడ్, అదే ఫ్యాన్ స్పీడ్‌కి దాదాపు మారదు. మారేది గది. మే నెల మధ్యాహ్నం మా మేడ మీద గది 39. ఇప్పుడు 39కి 54 కలపండి. 93! ఈ ప్రాసెసర్‌కి ఏఎమ్‌డీ పెట్టిన గరిష్ఠ హద్దు 95. అంటే నేను ఒక్క సెట్టింగ్ కూడా ముట్టుకోకుండానే, క్యాలెండర్ మారినందుకే అంచుకి వచ్చేశాను. దీనికి తోడు నాలుగు నెలల దుమ్ము రేకుల్లో పట్టింది, క్యాబినెట్ టేబుల్ కింద అరలో ఇరికించి ఉంది.

యూట్యూబ్‌లో కూలర్ రివ్యూలు చూసి "ఇందులో 70 దాటలేదు కదా" అనుకుంటాం. ఆ టెస్టులు చాలావరకు ఏసీ గదిలో, ఇరవై చిల్లర డిగ్రీల్లో చేసినవి. మన విజయవాడ, రామగుండం, రెంటచింతల ఎండల్లో చేసినవి కావు. "నా గదిలో ఏసీ ఉంది అన్నా" అంటారా, మంచిది. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది, ఇన్వర్టర్ మీద సిస్టమ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అది గుర్తుపెట్టుకోండి.

మే వచ్చింది. మే అంటే ఎండలు, మే అంటే పెళ్ళిళ్ళు కూడా. రోజుకో రెండర్. ఒక రోజు మధ్యాహ్నం రెండర్ సగంలో బ్లూ స్క్రీన్ వచ్చింది. సరే, మళ్ళీ పెట్టాను. ఈసారి రెండు గంటల నలభై నిమిషాల దగ్గర సిస్టమ్ రీస్టార్ట్ అయిపోయింది. పన్నెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి చేసిన పనికి ఒక్క రోజులో నాలుగు గంటలు పోయాయి.

అప్పుడు నేను చేసిన పని వినండి. చాలామంది చేసేది ఇదే. "క్రాష్ అవుతోందంటే వోల్టేజ్ సరిపోవట్లేదు" అనుకుని 1.4ని 1.425 చేశాను. చలికాలంలో 1.4కి స్టేబుల్‌గా ఉన్నది ఇప్పుడు లేదంటే మారింది ఏంటి? వేడి. చిప్ వేడెక్కే కొద్దీ అదే స్పీడ్‌కి స్టేబుల్‌గా ఉండటం దానికి కష్టమవుతుంది, లోపల లీకేజ్ కరెంటు పెరుగుతుంది, అది మళ్ళీ వేడి పెంచుతుంది. నేను దానికి ఇంకాస్త వోల్టేజ్ పోసి ఇంకా వేడెక్కించాను. జ్వరం వచ్చినవాడికి దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు. రాత్రిపూట బాగానే నడిచేది, కాబట్టి నేను సరి చేశాననుకున్నాను.

క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది ఫ్రెండ్స్. తెలియకుండా జరిగే తప్పు ఇంకా ప్రమాదం. ఆ వారం ఒక పెళ్లి వీడియో రెండర్ పూర్తయింది, ఎర్రర్ ఏమీ రాలేదు. నేను మొదలు, చివర చూసి, మధ్యలో అక్కడక్కడ జరిపి చూసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేశాను. మూడు రోజులకి పెళ్ళికూతురు నాన్నగారు బాబాయ్‌కి ఫోన్ చేశారు. చుట్టాలందరినీ కూర్చోబెట్టి టీవీలో పెట్టారట. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే చోట స్క్రీన్ మీద పచ్చ రంగు గళ్ళు, ఆరేడు సెకన్లు. పెళ్లి వీడియోలో ఎవరైనా రివైండ్ చేసి చూసే చోటు అదొక్కటే!

కార్డుల్లో ఒరిజినల్ ఫుటేజ్ ఉంది కాబట్టి బతికిపోయాను. సెట్టింగ్స్ అన్నీ డిఫాల్ట్‌కి మార్చి మళ్ళీ రెండర్ చేస్తే గళ్ళు లేవు. అప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూశాను. డబ్ల్యూహెచ్‌ఈఏ అనే పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు వరసగా ఉన్నాయి. నెల నుంచి సిస్టమ్ చెబుతూనే ఉంది, నేను చూడలేదు. బాబాయ్ పెద్దగా తిట్టలేదు. "నీ పన్నెండు నిమిషాల కోసం నా పేరు పోయిందిరా" అన్నాడు. ఆ సీజన్‌లో మిగిలిన పెళ్ళిళ్ళు వేరే అబ్బాయికి ఇచ్చాడు.

ఇంకో దెబ్బ తర్వాత తెలిసింది. జనవరిలో ఇదే చిప్‌ని 4.2 దగ్గర 1.3 వోల్టులతో టెస్ట్ చేసి రాసుకున్నాను, స్టేబుల్‌గా ఉండేది. దీపావళి టైంలో, చల్లటి గదిలో అదే సెట్టింగ్ పెడితే పది నిమిషాలు కూడా నిలబడలేదు. 1.3375 ఇస్తేగానీ నడవలేదు. దీన్ని డిగ్రెడేషన్ అంటారు. చిప్ లోపలి తీగలు మన కంటికి కనిపించనంత సన్నం. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి కొన్నాళ్ళు పారితే ఆ లోహపు అణువులు కొద్దికొద్దిగా జరిగిపోతాయి, కాలవ నీటి వేగానికి గట్టు కోసుకుపోయినట్టు. ట్రాన్సిస్టర్లు కూడా అరుగుతాయి. ఒక్కరోజులో కాలిపోదు, అందుకే మనకి భయం వేయదు. ఒకసారి అరిగింది వెనక్కి రాదు.

ఎక్కువ వోల్టేజ్ గురించి నేను అతిగా చెబుతున్నాననుకుంటే, ఇంటెల్ 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయం గుర్తు చేసుకోండి. 2024లో ఇంటెల్ స్వయంగా చెప్పింది, కొన్ని పరిస్థితుల్లో వోల్టేజ్ అవసరానికి మించి వెళ్ళడం వల్ల ఆ చిప్‌లు అన్‌స్టేబుల్ అవుతున్నాయని. మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వాటి వారంటీని రెండేళ్ళు పెంచింది. అక్కడ యూజర్ ఓవర్‌క్లాక్ చేయనవసరం కూడా లేకపోయింది. మీ దగ్గర ఆ జనరేషన్ చిప్ ఉంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి, ఓవర్‌క్లాక్ సంగతి ఆ తర్వాత. ఇక మనం ఓవర్‌క్లాక్ చేసి చిప్ పాడైతే మామూలు వారంటీ వర్తించదు. షాపులో అబద్ధం చెప్పి మార్చుకోవచ్చు అనే ఐడియాలు నాకు చెప్పకండి.

సరే, ఇప్పుడు ఎలా చేయాలో చెబుతాను. ముందు మీ సిస్టమ్‌లో అసలు కుదురుతుందా చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర కె అక్షరం ఉన్న ప్రాసెసర్, జెడ్ సిరీస్ మదర్‌బోర్డు, రెండూ ఉండాలి. ఏఎమ్‌డీ రైజెన్‌లో చాలావాటికి లాక్ లేదు. బోర్డు మాత్రం బి లేదా ఎక్స్ సిరీస్ అయి ఉండాలి, ఎ320, ఎ520 లాంటి వాటిలో కుదరదు. అలాగే చవక బోర్డుల్లో ప్రాసెసర్ పక్కన కరెంటు సరఫరా చేసే భాగం, వీఆర్‌ఎమ్ అంటాం, దాని మీద హీట్‌సింక్ ఉండదు. అలాంటి బోర్డులో దయచేసి వద్దు. ప్రాసెసర్‌కి టవర్ కూలర్ ఉన్నా దాని పక్కన వీఆర్‌ఎమ్ మాడుతూ ఉంటుంది.

కూలర్ మార్చేటప్పుడు ఏఎమ్4 సాకెట్ వాళ్ళకి ఒక హెచ్చరిక. పాత పేస్ట్ గట్టిపడి కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. సిస్టమ్‌ని పది నిమిషాలు నడిపి కాస్త వేడెక్కాక, షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి ఆ తర్వాతే పైకి తీయండి. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది, అది పీకండి. నవ్వకండి, ఫిల్మ్ తీయకుండా బిగించి "కొత్త కూలర్ పనిచేయట్లేదన్నా" అని నా దగ్గరికి సిస్టమ్ మోసుకొచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. పేస్ట్ బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఒకవైపే పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. క్యాబినెట్‌లో గాలి ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి పోవాలి, కూలర్ ఫ్యాన్ కూడా అదే దిశలో ఉండాలి.

ఇంకోటి, ఇది మన దగ్గరే చూస్తాం. ఎయిర్ కూలింగ్ కదా అని గదిలో ఉండే నీళ్ళ కూలర్‌ని నేరుగా క్యాబినెట్‌కి ఎదురుగా తిప్పి పెడతారు. గది చల్లబడితే మంచిదే. కానీ ఆ తేమ గాలి, దాంతో వచ్చే సన్నని నీటి తుంపర నేరుగా సిస్టమ్ మీద పడితే దుమ్ము బురదలా రేకులకి పట్టేస్తుంది, కనెక్టర్లు తుప్పు పడతాయి. కూలర్ మీ వైపు తిప్పుకోండి, సిస్టమ్ వైపు వద్దు.

బయోస్ ముట్టుకునే ముందు ఇప్పుడున్న పరిస్థితి నోట్ చేసుకోవాలి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఫ్రీ టూల్ పెట్టుకోండి. సినీబెంచ్ ఆర్23లో మల్టీ కోర్ టెస్ట్ పది నిమిషాలు నడపండి. మూడు నంబర్లు రాసుకోండి: స్కోర్, ప్రాసెసర్ గరిష్ఠ ఉష్ణోగ్రత, ఆ టైంలో గది ఉష్ణోగ్రత. మూడోది ఎవరూ రాయరు. రెండొందల రూపాయల రూమ్ థర్మామీటర్ చాలు. ఫోన్‌లో వెదర్ యాప్ చూసి రాయకండి, అది బయట ఉష్ణోగ్రత.

ఇప్పుడు మీ హద్దు మీరే లెక్కగట్టుకోండి. మే మధ్యాహ్నం మీ గది 40కి వెళ్తుందనుకుందాం. ఇవాళ టెస్ట్ చేస్తున్న గది 26. తేడా 14. వేసవిలో కూడా 85 దాటకూడదని నేను పెట్టుకున్న గీత, దాంట్లోంచి 14 తీసేస్తే 71. అంటే ఈ రోజు టెస్టులో 71 దాటితే, అక్కడితో ఆగిపోవాలి. స్క్రీన్ మీద ఎంత చల్లగా కనిపించినా సరే. 2022 జనవరిలో నాకు ఈ లెక్క తెలిసి ఉంటే 78 చూడగానే వెనక్కి వచ్చేవాణ్ణి.

బయోస్‌లోకి వెళ్ళాక మొట్టమొదట ప్రతి పేజీని మీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ర్యామ్‌కి ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ ఉంటే ప్రస్తుతానికి ఆఫ్ చేయండి, లేకపోతే క్రాష్ అయినప్పుడు తప్పు ర్యామ్‌దో ప్రాసెసర్‌దో తెలీదు. వోల్టేజ్‌ని ఆటోలో వదలొద్దు. స్పీడ్ పెంచి వోల్టేజ్ ఆటోలో ఉంచితే చాలా బోర్డులు భయంతో అవసరానికి మించి ఇచ్చేస్తాయి. నా చిప్ లాంటి రైజెన్ 3000 అయితే 1.25 దగ్గర ఫిక్స్ చేసి, మల్టిప్లయర్ 40 నుంచి మొదలుపెట్టి 0.25 చొప్పున పెంచండి. ఒక్కో మెట్టుకి 25 మెగాహెర్ట్జ్. ప్రతి మెట్టు దగ్గర సినీబెంచ్ పది నిమిషాలు. క్రాష్ అయితే? వోల్టేజ్ పెంచాలని చెయ్యి లాగుతుంది. పెంచకండి. రెండు మెట్లు వెనక్కి రండి. ఆ వోల్టేజ్‌కి మీ చిప్ ఇచ్చేది అంతే. పక్కవాడి 3600 ఎక్కువ ఇస్తుంది, నిజమే, ఒకే మోడల్‌లో కూడా ఏ రెండు చిప్‌లూ ఒకేలా ఉండవు.

లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ అని ఒక ఆప్షన్ కనిపిస్తుంది. లోడ్ పడినప్పుడు వోల్టేజ్ కొంచెం కుంగుతుంది, దాన్ని ఎంత నిలబెట్టాలో చెప్పే సెట్టింగ్ అది. మధ్యస్థంగా ఉంచండి. ఒక కంపెనీ బోర్డులో లెవెల్ 1 అంటే అన్నిటికంటే బలమైనది, ఇంకో కంపెనీలో లెవెల్ 1 అంటే బలహీనమైనది. వేరేవాళ్ళ వీడియో చూసి నంబర్ కాపీ కొట్టొద్దు, మీ బోర్డు మాన్యువల్ చూడండి. సెట్టింగ్ తేడా కొట్టి డిస్‌ప్లేనే రాకపోతే కంగారు పడకండి. ప్లగ్ తీసి, బోర్డు మీద క్లియర్ సీమాస్ పిన్నులు కలపండి, లేదా గుండ్రటి బ్యాటరీ కొన్ని నిమిషాలు తీసి పెట్టండి, అన్నీ డిఫాల్ట్‌కి వస్తాయి.

చివరి టెస్ట్‌కి ఓసీసీటీ లేదా ప్రైమ్95 ఒక గంట. ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ మోడ్ మన రోజువారీ పనికంటే చాలా ఎక్కువ వేడెక్కిస్తుంది, కాబట్టి పక్కనే కూర్చోండి, పెట్టి పడుకోకండి. 90 కనిపిస్తే ఆపేయండి. ఆ తర్వాత మీరు నిజంగా చేసే పని, గేమ్ అయితే గేమ్, రెండర్ అయితే రెండర్, ఒక వారం చేసి, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫోలో అడుగున డబ్ల్యూహెచ్‌ఈఏ ఎర్రర్ల లైన్ చూడండి. అక్కడ సున్నా ఉండాలి. ఒకటి ఉన్నా అది స్టేబుల్ కాదు, ఎన్ని గంటలు క్రాష్ కాకుండా నడిచినా సరే. ఆరేడు సెకన్ల పచ్చ గళ్ళు గుర్తున్నాయి కదా.

యూపీఎస్ కూడా చూసుకోండి. ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మాత్రమే ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ అన్నీ కలిపి దాని మీద వేస్తే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది.

గేమ్స్ కోసమే అయితే నా సలహా వేరు. అన్ని కోర్లనీ ఒకే స్పీడ్‌కి ఫిక్స్ చేస్తే సింగిల్ కోర్ బూస్ట్ పోతుంది. నా 3600 మామూలుగా ఒకటి రెండు కోర్ల మీద 4.2 వరకు వెళ్తుంది, నేను 4.1కి ఫిక్స్ చేస్తే గేమ్‌లో నష్టమే. రైజెన్ 5000, ఆ తర్వాతి చిప్‌లలో చాలావాటికి కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది. అందులో నెగెటివ్ విలువ ఇస్తే అదే స్పీడ్‌కి తక్కువ వోల్టేజ్ తీసుకుంటుంది. వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన జాగాలో చిప్ తనే ఇంకాస్త పైకి బూస్ట్ అవుతుంది. ఎయిర్ కూలర్ ఉన్నవాళ్ళకి నాకు తెలిసి ఇంతకంటే మంచి దారి లేదు. మైనస్ 10 దగ్గర మొదలుపెట్టండి. ఒక తిరకాసు ఏంటంటే, ఇది అన్‌స్టేబుల్ అయితే ఫుల్ లోడ్‌లో క్రాష్ అవ్వదు, మీరు ఖాళీగా బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు అవుతుంది. ఎందుకంటే తక్కువ పని ఉన్నప్పుడే ఒక్కో కోర్ అన్నిటికంటే ఎక్కువ స్పీడ్‌కి వెళ్తుంది. దానికి కోర్‌సైక్లర్ అనే టూల్‌తో ఒక్కో కోర్‌నీ విడిగా టెస్ట్ చేయాలి. రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

ఇప్పుడు నా సిస్టమ్ సంగతి. అదే చిప్ ఇంకా వాడుతున్నాను. రెండర్ ఉన్న రోజు 4.1 గిగాహెర్ట్జ్, 1.2625 వోల్టులు. అరిగిన చిప్ కాబట్టి దానికి ఆ మాత్రం కావాలి. మిగతా రోజుల్లో అన్నీ ఆటోలోనే. క్యాబినెట్‌ని టేబుల్ అరలోంచి బయటికి తీసి స్టూల్ మీద పెట్టాను, దాంతోనే నాలుగు డిగ్రీలు తగ్గింది. నెలకోసారి బ్లోయర్‌తో దుమ్ము కొడతాను, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకుంటాను, లేకపోతే అది అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పాడవుతుంది. రెండర్ అయిన ప్రతి ఫైల్‌నీ ఇచ్చే ముందు మొత్తం చూస్తాను, నాలుగు రెట్ల స్పీడ్‌లో అయినా సరే. జీలకర్ర బెల్లం మాత్రం మామూలు స్పీడ్‌లోనే చూస్తాను.

బాబాయ్ పోయిన సీజన్‌లో మళ్ళీ రెండు పెళ్ళిళ్ళు ఇచ్చాడు. కార్డులు నా చేతిలో పెడుతూ "ఇంకా ఆ స్పీడు పెంచే పని చేస్తున్నావా?" అని అడిగాడు. కొంచెం అన్నాను. "కొంచెం అంటే ఎంత?" అన్నాడు. నాలుగైదు నిమిషాలు అన్నాను.

ఈ వీడియో రికార్డ్ చేస్తుండగానే వెనకాల ఒక రెండర్ నడుస్తోంది. టైం మధ్యాహ్నం రెండున్నర. గది 37, ప్రాసెసర్ 79. మైక్‌లో ఏదైనా సౌండ్ వినిపిస్తుంటే అది ప్రాసెసర్ ఫ్యాన్ కాదు, నా టేబుల్ ఫ్యాన్. నాకూ కాస్త ఎయిర్ కూలింగ్ కావాలి కదా. మీరు మీ సిస్టమ్ టెస్ట్ చేసి ఏమైనా అడగాలనుకుంటే స్కోర్, ప్రాసెసర్ ఉష్ణోగ్రత, గది ఉష్ణోగ్రత మూడూ పంపండి. గది ఉష్ణోగ్రత లేకపోతే నేను మళ్ళీ అదే అడుగుతాను. ఉంటాను ఫ్రెండ్స్, నమస్తే.